ఇంటి కారు – ఇంజను బలము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి అయినది, పంచాంగ శ్రవణమూ అయినది. ఇక ఇంజను శ్రవణమా అని వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వవలసినదే. ఆదాయవ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్న చెవులకు కారు సంగతి కొంత చప్పగానే ఉంటుంది. కాని మన సంఘములో ఏ ఇద్దరు కలిసినా ఊరి ప్రయాణము మాట రాక మానదు. ఆ మాట వచ్చినచోట "బండి మునుపటివలె లాగడము లేదండీ" అన్న మాట కూడా రాక మానదు. కార్యదర్శిగారు అందుకనే ఈ విషయము మాకు అప్పగించినారు.

మనము కాపురమున్న ఈ బెంగుళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చిత్తూరు మూడు వందల మీటర్ల పైచిలుకు మాత్రమే. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగితే గాని మనలో చాలామందికి ఊరు చేరినట్లు ఉండదు. ఊరికి పోయేటప్పుడు అంతా దిగుడు. చేతి సంచులతో హాయిగా పోతాము. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు. బియ్యపు మూటలు, కందిపప్పు, వేసవి అయితే ఆవకాయ జాడీలు, ఒక్కొక్కసారి అత్తగారు కూడా అప్పుడే ఎక్కుతారు. ఇంజను బలము ఎంతో తేలేది ఆ తిరుగు ప్రయాణములోనే.

ఇంజను బలము పెంచడము ఎట్లా అని మమ్ములను అడిగేవారు రెండు తెగలు. పదేళ్ళనాటి బండి ఉన్న పెద్దలు పోయిన బలము తిరిగి రావాలంటారు. కొత్త బండి కొన్న కుర్రవాళ్ళు, పుట్టుకతో ఉన్నదానికంటె ఎక్కువ కావాలంటారు. ఇద్దరికీ మేము చెప్పేది ఒక్కటే. ముందు పోయినదానిని తిరిగి రాబట్టండి. అది చౌక, నమ్మదగినది. పుట్టుకలో లేని బలాన్ని తెచ్చిపెడితే దాని ఖరీదు బండిలో మరొకచోట చెల్లించవలసి వస్తుంది.

ఈ బలము ఎక్కడినుండి వస్తుందో ముందు చూద్దాము. అందరూ పెట్రోలు అంటారు. పెట్రోలు సగము మాట మాత్రమే. సిలిండరు గాలిని పీల్చుకొంటుంది, పిస్టను దానిని నొక్కుతుంది, నిప్పురవ్వ పడుతుంది, మండిన వాయువు పిస్టనును తోస్తుంది, తరువాత పొగ బయటకు పోతుంది. ఒక పాలు పెట్రోలు సరిగా మండవలెనంటే, తూకములో, సుమారు 14.7 పాళ్ళ గాలి కావలె. అనగా లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి. అంత గాలిని మింగి కూడా, అందులో పుట్టిన వేడిలో నాలుగింట ఒక వంతు చక్రాలకు అందితే గొప్ప. మిగిలినది రేడియేటరులోనుండి, సైలెన్సరులోనుండి పోతుంది. కాబట్టి ఇంజను బలమంటే ముఖ్యముగా ఊపిరి బలమే. పెట్రోలు ఎంత కావలెనంటే అంత పోయవచ్చును. గాలిని మాత్రము ఇంజను తానే పీల్చుకోవలె.

ఇందులో మన బెంగుళూరువారికి ఒక సంగతి ప్రత్యేకముగా ఉన్నది. ఇంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరముకంటె సుమారు పదోవంతు తక్కువ. ఒక ఉదాహరణ చెప్పుకొందాము. 2012 తరువాత మన ఇళ్ళలో విరివిగా కనిపించిన డిజైరు పెట్రోలు బండికి 1197 సి.సి. ఇంజను, సుమారు 85 అశ్వశక్తి. నెల్లూరులో అది 85 అయితే ఇక్కడ 77, 78కి మించదు. టర్బో ఉన్న బండి గాలిని తానే తోసుకొంటుంది గనుక దానికి ఈ బాధ అంతగా లేదు. నెల్లూరు బావగారి బండితో పోల్చుకొని మన మెకానిక్కును తిట్టేవారు ఈ లెక్క గుర్తుంచుకోవలె.

మరొక లెక్క ఇంతకంటె ముఖ్యము. ఆ 85 అశ్వశక్తి ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పటి మాట. దాని లాగుడు శక్తి అత్యధికముగా ఉండేది 4000 చుట్ల దగ్గర. 2000 చుట్ల దగ్గర ఆ ఇంజను ఇచ్చేది సుమారు మూడింట ఒక వంతే. మనవారు పెట్రోలు ఆదా అని ఘాటులో కూడా నాలుగవ గేరు వదలరు. చుట్లు పదిహేను వందలకు పడిపోతాయి, కాలు నేలకు ఆనేదాకా తొక్కుతారు, బండి మూలుగుతుంది, లోపలినుండి డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు కటకట చప్పుడు వస్తుంది. అప్పుడు "ఇంజను పోయిందండీ" అంటారు. ఇంజను పోలేదు, మూడవ గేరుకో, రెండవ గేరుకో దిగితే ఆ బండే మరొక బండి అవుతుంది. కానీ ఖర్చు లేకుండా ఇంజను బలము రెట్టింపు చేసే ఉపాయము మాకు తెలిసినంతలో ఇదొక్కటే.

బరువు మాట కూడా ఇక్కడే చెప్పవలె. ఆ బండి బరువు సుమారు 950 కిలోలు. అయిదుగురు మనుషులు, మూటలు, జాడీలు కలిపితే నాలుగు వందల కిలోలు ఎక్కుతాయి. చిత్తూరు దాటి పలమనేరు చేరేసరికి ఆ మొత్తాన్ని ఇంజను సుమారు మూడున్నర వందల మీటర్లు ఎత్తుకు మోయవలె. కేవలము ఆ ఎత్తుడుకే అరలీటరు పెట్రోలు పైమాటగా పోతుంది. అత్తగారిని దింపమని మేము అనము గాని, డిక్కీలో ఏడాదిగా తిరుగుతున్న పాత సామాను దింపవచ్చును.

మన తండ్రుల కాలమునాటి అంబాసిడరు, ఫియటు బండ్లు ఇక్కడ కొందరికి గుర్తుకు వస్తూ ఉంటాయి. అంబాసిడరు 1950ల చివరినుండి 2014 దాకా ఉత్తరపరలో తయారైనది. అందులో చాలా ఏళ్ళు ఉన్నది 1489 సి.సి. ఇంజను. ఫియటు అని మొదలై తరువాత పద్మిని అయిన బండికి 1089. వాటికి కార్బురేటరు మర మీద పావు చుట్టు, పాయింట్ల సందులో వెంట్రుకవాసి, టాపెట్లలో ఒక దళసరి కాగితమంత తేడా – ఇంతమాత్రానికే బండి నడక మారిపోయేది. కొన్ని వేల మైళ్ళకొకసారి హెడ్డు దింపి మసి గోకేవారు. ఆదివారము ఉదయము తండ్రి బానెట్టు ఎత్తితే కొడుకు పానాలు అందించేవాడు.

మన వలస తెలుగువారిలో ఈ విద్యకు పెద్ద పేరు కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిది. 1893లో పుట్టిన ఆయన బడిలో చదివినది కొంచెమే. మోటారు సైకిలును విడదీసి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకొన్నారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య తానే నడుపుతూ మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టినారు. విప్పి చూచి తెలుసుకొనే ఆ అలవాటు మనవారికి కొత్తది కాదని చెప్పడానికే ఆయనను తలచుకొన్నాము.

2000 ప్రాంతమునుండి కార్బురేటరు పోయి పెట్రోలును పిచికారి చేసే పద్ధతి వచ్చినది. ఎంత గాలి వచ్చినది, ఎంత వేడి ఉన్నది, పొగలో ఎంత ప్రాణవాయువు మిగిలినది చూచి ఒక చిన్న కంప్యూటరు పెట్రోలును, నిప్పురవ్వ సమయాన్ని క్షణక్షణము తానే సరిచేస్తుంది. అందుచేత పాత అర్థములో "ట్యూనింగు" అన్నది ఇప్పుడు లేదు. ఇప్పటికీ ఆ పేరు చెప్పి డబ్బు తీసుకొనే షెడ్లు మాత్రము ఉన్నవి. కంప్యూటరు ఎంత తెలివిగలదైనా అరిగిన వస్తువును కొత్తది చేయలేదు. కనుక అరిగేవాటిని, మూసుకుపోయేవాటిని మనము చూచుకోవలె.

గాలి వడపోత మొదటిది. మన రోడ్ల దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. ఈ కాలపు బండిలో వడపోత మూసుకుపోయినా మైలేజి పెద్దగా తగ్గదు. ఎందుకంటే గాలి తగ్గినంత పెట్రోలును కంప్యూటరు కూడా తగ్గిస్తుంది. అందుచేత మనకు తెలియదు. తెలిసేది కాలు పూర్తిగా తొక్కినప్పుడు, లారీని దాటవలసినప్పుడు. దాని వెనుకనే ఉన్న త్రాటిలు నోటిలో మసి పేరుకొంటుంది, అది తుడిపించవలె. స్పార్కు ప్లగ్గుల మొన అరిగి సందు పెరుగుతుంది. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన దూరానికి మార్చవలె. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్కు సంచి విప్పకుండా డాష్‌బోర్డు అరలో దాచుకొనే అలవాటు మనలో చాలామందికి ఉన్నది.

ఎద్దుబండి ఇరుసుకు కందెన వేసిన ఊరివారము గనుక, కందెన ఎంత చిక్కగా ఉంటే అంత బలమని మనకొక నమ్మకము. కారు ఇంజను అట్లా కాదు. 5డబ్ల్యు-30 అనో, 0డబ్ల్యు-20 అనో పుస్తకములో ఉంటే దానికి తగినట్లు బేరింగుల సందులు, పంపు అమర్చినారని అర్థము. "పాత బండి, చిక్కటిది పోస్తే గట్టిగా ఉంటుంది" అని 20డబ్ల్యు-50 పోసేవారు తేనెలో గరిటె తిప్పమని ఇంజనుకు చెప్పినట్లే. కొంత బలము ఆ తిప్పుడుకే పోతుంది.

ఇంకొక దురాచారము మన దేశములోనే ఎక్కువ. ఇంజను సరిగా వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఆపే థర్మోస్టాటు అనే చిన్న వాల్వు ఒకటి ఉన్నది. "మనది వేడి దేశము, ఇదెందుకు" అని దానిని తీసి పారవేస్తారు. పాపము, ఇంజను చల్లగా ఉంటుందనే వారి ఉద్దేశము. అయితే ఇంజను ఎప్పటికీ తగిన వేడికి రాదు. ఇంకా తెల్లవారుజామే అనుకొని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజి పడిపోతుంది, మసి పేరుకొంటుంది, సిలిండరు గోడలు త్వరగా అరుగుతాయి. వేడి ముల్లు ఎప్పుడూ మామూలు స్థానానికంటె కిందనే ఆడుతున్నదంటే ఆ వాల్వు ఉన్నదో లేదో అడగండి.

మన సభ్యులలో ఒకరి బండి సంగతి చెబుతాము. లాగడము లేదని ఒక షెడ్డుకు తీసుకొని పోయినారు. "బోరు పోయినది, ఇంజను దింపవలె" అన్నారు. లక్షకు దగ్గర ఖర్చు. ఆ ఏడు కుమార్తె కళాశాల ఫీజు కట్టవలసి ఉన్నది. బండి అమ్మివేయడమా, అప్పు చేయడమా అని ఇంట్లో తర్జనభర్జన. కొలవకుండా దింపవద్దని మేము గేజి తీసుకొని వెళ్ళినాము.

ఈ గేజి గురించి కొంచెము వివరముగా చెప్పవలె. ఇంజను దింపవలసినదా కాదా అన్న ప్రశ్నకు, విప్పకుండా జవాబు చెప్పేది ఇదే. ఇంజను వేడి చేసి, పెట్రోలు, నిప్పురవ్వ రాకుండా కట్టివేసి, ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క రంధ్రములో గేజి బిగించి, కాలు పూర్తిగా తొక్కిపట్టి స్టార్టరు కొన్ని క్షణాలు తిప్పవలె. బ్యాటరీ గట్టిగా ఉండవలె. నాలుగు సిలిండర్ల ఒత్తిడి రాసుకోవలె. నాలుగూ ఇంచుమించు సమానమైతే భయము లేదు. ఒకటి మిగిలినవాటికంటె పదోవంతుకు మించి తగ్గితే ఆ సిలిండరును అనుమానించవలె. అప్పుడు అందులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ తిప్పండి. ఒత్తిడి పెరిగితే లోపము పిస్టను రింగులలోనో, గోడలలోనో ఉన్నది. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడము లేదు, లేదా హెడ్డు గాస్కెట్టు కారుతున్నది. రెండింటికి మరమ్మతు వేరు, ఖర్చు వేరు.

ఇందులోనూ బెంగుళూరు ఎత్తు అడ్డము వస్తుంది. పుస్తకములో వ్రాసిన ఒత్తిడి సముద్రమట్టపు లెక్క. ఇక్కడ పీల్చే గాలే పలుచన గనుక ఆరోగ్యముగా ఉన్న ఇంజను కూడా సుమారు పదోవంతు తక్కువ చూపుతుంది. ఆ అంకె చూపించి "చూడండి, పడిపోయింది" అనేవారున్నారు. నాలుగూ సమానముగా తగ్గినవా, ఒక్కటే తగ్గినదా అని మీరు అడగండి.

ఆ సభ్యుని బండిలో నాలుగూ సమానముగానే ఉన్నవి. మరి బలము ఎక్కడ పోయినది? పది మైళ్ళు తిప్పి వచ్చి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూచినాము. ఎడమవైపు ముందు చక్రము కాలిన పెనములాగున్నది. బ్రేకు వదిలినా పట్టు వదలడము లేదు. పైగా థర్మోస్టాటును ఎవరో ఎన్నడో తీసివేసినారు. ఆ రెండూ బాగుచేయించినారు. లక్షలో పదోవంతు కూడా కాలేదు. ఇంజను దింపలేదు. ఆ బండి ఇప్పటికీ ఘాటు ఎక్కుతున్నది.

ఇట్లా ఇంజనును నిందించి ఇతరములను వదిలివేయడము సాధారణము. క్లచ్చి జారుతుంటే చప్పుడు పెరుగుతుంది గాని వేగము పెరగదు. టైర్లలో గాలి తగ్గితే బండి బురదలో నడచినట్లుంటుంది. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరు మూసుకుపోతే ఇంజను పీల్చగలదు గాని విడవలేదు. ముక్కు మూసుకొని పరుగెత్తమన్నట్లే.

పెట్రోలు సంగతి. ఎక్కువ ఆక్టేను ఉన్న ఖరీదైన పెట్రోలు పోస్తే బలము వస్తుందని అనుకొంటారు. ఆక్టేను అంటే బలము కాదు, ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా నిగ్రహించుకొనే గుణము. ఆ నిగ్రహము కోరే ఇంజనుకు అది పనికివస్తుంది. మామూలు ఇంటి బండికి డబ్బు దండుగ. ఇక ఎథనాలు. 2025 నాటికి దేశములో పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఎథనాలు కలపడము జరిగినది. లీటరు ఎథనాలులో వేడి పెట్రోలుకంటె మూడింట ఒక వంతు తక్కువ. ఆ లెక్కన కలిపిన లీటరులో వేడి నూటికి ఆరేడు పాళ్ళు తగ్గుతుంది. మైలేజి కొంత తగ్గిందంటే ఆశ్చర్యము లేదు. కంప్యూటరు ఆ మేరకు ఎక్కువ పోస్తుంది గనుక బలము తగ్గనక్కరలేదు. 2023కు ముందు బండ్లు ఉన్నవారు మాత్రము పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్ళు ఏటా ఒకసారి చూపించుకోవడము మంచిది. ఇక పెట్రోలు గొట్టానికి అయస్కాంతము కడితే మైలేజి పెరుగుతుందని అమ్మేవారి మాట. అమెరికాలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇటువంటి నూరు పైచిలుకు సాధనాలను పరీక్షించి, చాలావాటివల్ల ఏమీ లాభము లేదని తేల్చినది. అయస్కాంతాన్ని పిల్లలకివ్వండి, ఆడుకొంటారు.

ఇప్పుడు కుర్రవాళ్ళ సంగతికి వద్దాము. ఇందాకటినుండి ఓపికగా కూర్చున్నారు. రీమ్యాపు అంటే ఇంజను కంప్యూటరులోని లెక్కల పట్టిక తిరగవ్రాయడము. టర్బో బండిలో దానివల్ల అయిదింట ఒక వంతు, అంతకు మించి కూడా బలము పెరుగుతుంది, అది నిజమే. టర్బో లేని మామూలు బండిలో నూటికి నాలుగైదు పాళ్ళు పెరిగితే ఎక్కువ. పెరిగిన బలాన్ని మోయవలసినది పాత క్లచ్చే, పాత గేరుపెట్టే. వేడి పెరుగుతుంది. వారంటీ పోతుంది. ప్రమాదము జరిగితే బీమా సంస్థ అడ్డు చెప్పడానికి సాకు దొరుకుతుంది. మోటారు వాహనాల చట్టము (1988) 52వ సెక్షను ప్రకారము తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధముగా బండిని మార్చరాదు. ఈ మాటను 2019లో సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పినది. వెడల్పు సైలెన్సరు వేస్తే పెరిగేది ముఖ్యముగా చప్పుడే. శంఖాకారపు వడపోతలు బానెట్టు కింద వేడి గాలిని పీలుస్తాయి. గాలి పది డిగ్రీలు వేడెక్కితే నూటికి మూడు పాళ్ళు పలుచనవుతుంది. డబ్బిచ్చి బలము తగ్గించుకోవడమన్నమాట.

అబ్బాయిలూ, మీకు నిజముగా మోజు ఉంటే ఆ డబ్బుతో మంచి టైర్లు కొనండి. బ్రేకు నూనె రెండేళ్ళకొకసారి మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఘాటు దిగేటప్పుడు వేడికి ఆ తేమ ఆవిరై పెడలు మెత్తబడుతుంది. ఆ సమయానికి వెనుక సీటులో మీ అమ్మగారు, నాయనమ్మగారు ఉంటారు. ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకుమీదనే ఆధారపడకండి.

పెద్దలకు ఒక మాట చెప్పి ముగిస్తాము. ఎవరైనా "ఇంజను దింపవలె" అంటే నాలుగు సిలిండర్ల అంకెలు కాగితముమీద వ్రాసి ఇమ్మనండి. ఇవ్వనివారి దగ్గర బండి వదలకండి. భోజనాలు అయిన తరువాత హాలు వెనుక మైదానములో రెండు బండ్లు నిలిపి ఉన్నవి, గేజి మా దగ్గర ఉన్నది. కొలవడము చూడదలచినవారు రావచ్చును. స్త్రీలు కూడా రావలెనని మనవి. ఈ మధ్య మన ఇళ్ళలో ఊరికి బండి నడిపేది చాలాచోట్ల వారే. మాసిన బట్టలతో వస్తే మంచిది. పులిహోర వడ్డిస్తున్నారట, కార్యదర్శిగారు చెయ్యి ఊపుతున్నారు.